రద్దీ వేళ నెట్ ఎందుకు ఆగుతుంది? ల్యాబులు, హాస్టళ్లు, నెట్ సెంటర్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు, వనపర్తి, గద్వాల వైపు కాలేజీ ల్యాబులు, హాస్టళ్లు, మీసేవ కేంద్రాలు, కేబుల్ నెట్ నడిపేవాళ్ల దగ్గర నుంచి ఇవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే ఒకచోట పెట్టాం. నెట్ ఆగిందనగానే పెద్ద ప్లాన్‌కు డబ్బు కట్టడం మామూలైపోయింది. చాలాసార్లు ఆ డబ్బు వృథా, ఎందుకంటే ఆగే చోటు వేరే ఉంటుంది. అది ఎక్కడో కొలిచి చూశాకే జేబులో చెయ్యి పెట్టండి. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే చదువుకోవచ్చు.

## కనెక్షన్ తీసుకునే ముందు

మా ల్యాబ్‌ల 60 కంప్యూటర్లున్నయి. ఎన్ని ఎంబీపీఎస్ తీసుకోవాలె?

ఒకే సమయంలో ఎంతమంది ఏం చేస్తారన్నదే లెక్క. దరఖాస్తులు నింపడం, మామూలు సైట్లు చూడటం అయితే మనిషికి సగటున అర ఎంబీపీఎస్ (సెకనుకు అర మెగాబిట్) చాలు. 480పీ వీడియో పాఠానికి 1 నుంచి 1.5, 1080పీకి 5 దాకా, వీడియో కాల్‌కు అటూ ఇటూ 1.5 నుంచి 3 వేసుకోండి. 60 మందీ 480పీ పాఠం చూస్తే 60 నుంచి 90 ఎంబీపీఎస్. లైను 80 శాతం కంటే ఎక్కువ నిండకుండా ఉండాలి కాబట్టి 100 తీసుకుంటే అంచు మీద ఉంటారు, 150 తీసుకుంటే కొంత వెసులుబాటు.

అసలు చిక్కు "అందరూ ఈ పేజీ తెరవండి" అని సారు చెప్పిన క్షణంలో వస్తుంది. 3 మెగాబైట్ల పేజీని 60 మంది ఒక్కసారే తెరిస్తే 180 మెగాబైట్లు, అంటే 1,440 మెగాబిట్లు. 100 ఎంబీపీఎస్ లైను మీద ఏ లోపం లేకున్నా 14 సెకన్ల పైనే పడుతుంది. ఆ తర్వాత లైను చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. ఇలాంటి ల్యాబులో పాఠం ఫైళ్లు లోపలి సర్వర్‌లో పెట్టుకోవడం, లేదా ఒక్కో వరుసను విడివిడిగా తెరవమనడం పెద్ద ప్లాన్ కంటే బాగా పనిచేస్తుంది.

100 ఎంబీపీఎస్ అన్నరు, డౌన్‌లోడ్‌ల 12 అనే చూపిస్తున్నది. మోసం జేసిన్రా?

లేదు. ప్లాన్ మెగాబిట్లలో చెప్తారు, బ్రౌజర్ మెగాబైట్లలో చూపిస్తుంది. 8 బిట్లు ఒక బైటు. 100ను 8తో భాగిస్తే 12.5. సమాచారం ప్యాకెట్లు అనే చిన్న ముక్కలుగా పోతుంది. ఒక్కో ముక్క మీద రాసే చిరునామా లాంటి తలకట్టుకు కొంత పోతుంది కాబట్టి 11.5 నుంచి 12 వస్తే పూర్తిగా వచ్చినట్టే.

లీజ్డ్ లైన్‌కు అంత రేటు ఎందుకు? బ్రాడ్‌బ్యాండే ఇంకొకటి తీసుకుంటే కాదా?

బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌లోని వేగం "ఇంతవరకు" అన్న మాట. ఒకే సామర్థ్యాన్ని పదుల మంది కస్టమర్లకు పంచి అమ్ముతారు, అందరూ ఒకేసారి వాడరన్న ధీమా మీద. లీజ్డ్ లైన్‌లో ఆ వేగం మీ ఒక్కరిదే. అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానంగా ఉంటాయి, చెడిపోతే ఎన్ని గంటల్లో బాగుచేయాలో ఒప్పందంలో ఉంటుంది.

ఆన్‌లైన్ పరీక్షలు పెట్టే సెంటర్‌కు లీజ్డ్ లైన్ అవసరం. నెట్ సెంటర్‌కు, హాస్టల్‌కు వేర్వేరు కంపెనీల బ్రాడ్‌బ్యాండ్లు రెండు తీసుకుని, రెండు ఇన్‌పుట్లున్న రూటర్‌కు కలిపితే చాలావరకు సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: రెండు కంపెనీల ఫైబరూ ఒకే కరెంటు స్తంభాల మీద వస్తుంటే, లారీ తగిలి తెగినప్పుడు రెండూ ఒకేసారి పోతాయి. ఏ దారిన వస్తున్నాయో నడిచి చూడండి.

మేం చూసుడే ఎక్కువ, పంపేది ఏముండదు. అప్‌లోడ్ తక్కువుంటే ఏమైతది?

డౌన్‌లోడ్ కూడా ఆగుతుంది. వచ్చిన ప్రతి రెండు ప్యాకెట్లకు మీ కంప్యూటర్ "అందింది" అని చిన్న జవాబు వెనక్కి పంపుతుంది. ఆ జవాబు ఆలస్యమైతే అవతలి సర్వర్ తర్వాతి ప్యాకెట్లు పంపడం నెమ్మదిస్తుంది. 100 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్ నిండుగా నడవాలంటే ఈ జవాబులకే 1.5 నుంచి 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి.

దాన్ని మింగేది ఎవరో కూడా గమనించండి. ఒక్కో 1080పీ సీసీ కెమెరా క్లౌడ్‌కు 2 నుంచి 4 ఎంబీపీఎస్ పంపుతుంది. 8 కెమెరాలుంటే తక్కువలో తక్కువ 16, అదీ రాత్రింబవళ్లు. అప్‌లోడ్ 20 ఉన్న చోట మనుషులకు మిగిలేది 4. కెమెరాల రికార్డింగ్ డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) హార్డ్ డిస్క్‌లోనే ఉంచి, కదలిక ఉన్నప్పుడే క్లౌడ్‌కు పోయేలా పెట్టుకోండి.

ఫైబర్ అంటే ఎవల లైను వాళ్లదే గదా, పంచుకునుడు ఏంది?

ఇంట్లోకి వచ్చే పోగు మీదే. వీధిలోని స్ప్లిటర్ (ఒక పోగును చాలా ఇళ్లకు చీల్చే డబ్బా) దగ్గర నుంచి ఆపరేటర్ ఆఫీసు దాకా పోగు ఒక్కటే. జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఆ ఒక్క పోగు మీద సెకనుకు కిందికి సుమారు 2.5 గిగాబిట్లు, పైకి 1.25 గిగాబిట్లు నడుస్తాయి. 32 ఇళ్లకు చీలిస్తే అందరూ ఒకేసారి లాగినప్పుడు ఇంటికి 78 ఎంబీపీఎస్ దాకా, 64కు చీలిస్తే 39 దాకా వస్తుంది. చిన్న ఆపరేటర్లు చాలామంది వాడే ఈపాన్ అనే ఇంకో పద్ధతిలో అటూ ఇటూ గిగాబిట్టే.

ఇది కూడా చెడ్డ లెక్కేం కాదు. ఇరుకు ఎక్కువగా ఆఫీసులోని ఓఎల్‌టీ (ఈ పోగులన్నీ వచ్చి కలిసే పెట్టె) వెనకాల ఉంటుంది. 8 పోర్టుల ఓఎల్‌టీ, పోర్టుకు 32 ఇళ్లు, మొత్తం 256 ఇళ్లు. దానికి బయటి నుంచి వచ్చేది 1 గిగాబిట్ ఒక్కటే అయితే అందరూ కూర్చున్న రాత్రి ఇంటికి పడేది 4 ఎంబీపీఎస్ కన్నా తక్కువ. కనెక్షన్ తీసుకునే ముందు "ఎంత స్పీడ్ ఇస్తారు" అని కాక "మీకు పైనుంచి ఎంత వస్తుంది, ఎంతమంది కస్టమర్లు" అని అడగండి.

## లైన్లు లాగి, డబ్బాలు బిగించేటప్పుడు

గిగాబిట్ స్విచ్ కొన్నం. అయినా 95 దగ్గరనే ఆగుతున్నది, ఎందుకట్ల?

స్విచ్ అంటే ఒక లైనును చాలా కంప్యూటర్లకు పంచే డబ్బా. అది గిగాబిట్ (1,000 ఎంబీపీఎస్) వేగంతో నడవాలంటే కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి. కొసకు కనెక్టర్ బిగించే క్రింపింగ్‌లో ఒక్క తీగ సరిగా దిగకపోయినా రెండు వైపులా మాట్లాడుకుని రెండు జతలతో నడిచే 100 ఎంబీపీఎస్‌కు దిగిపోతాయి. అక్కడ గరిష్ఠంగా కనిపించేది 94, 95. కంప్యూటర్‌లో నెట్‌వర్క్ స్టేటస్ తెరిచి లింక్ స్పీడ్ 100/100 అని ఉందా, 1000/1000 అని ఉందా చూడండి. 100 ఉంటే రెండు కొసలూ కత్తిరించి కొత్త ఆర్‌జే45 కనెక్టర్లు కొట్టి, టెస్టర్ మీద 8 లైట్లూ వరుసగా వెలిగేదాకా వదలకండి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చౌక కేబుల్ పొడుగు లైన్లలో ఇలాగే దెబ్బతీస్తుంది. స్వచ్ఛమైన రాగి ఉన్న క్యాట్ 5ఈ లేదా క్యాట్ 6 కొనండి, ఒక్కో లాగుడు 100 మీటర్లు దాటనివ్వకండి.

ఒక స్విచ్ నుంచి ఇంకో స్విచ్, దాన్నుంచి ఇంకోటి కలుపుకుంట పోతే తప్పా?

చివరి స్విచ్ వాళ్ల ట్రాఫిక్ అంతా ముందున్న అన్ని స్విచ్‌ల లింకుల్లోంచి రావాలి. మధ్యలో ఎక్కడో పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ ఒకటి మిగిలిపోతే దాని వెనక ఉన్న 30 కంప్యూటర్లకూ కలిపి అంతే. రూటర్ పక్కన ఒక మంచి స్విచ్ పెట్టి, ప్రతి గదికీ దాన్నుంచే నేరుగా ఒక లైను లాగండి. కేబుల్ కాస్త ఎక్కువ పడుతుంది. ఎక్కడ చెడిందో పట్టుకోవడం మాత్రం చాలా తేలిక.

వైఫై డబ్బాలు వరండాల పెట్టాల్నా, రూముల్ల పెట్టాల్నా?

గదుల్లో, గది విడిచి గదిలో. వరండా పొడవునా పెడితే డబ్బాలన్నీ ఒకదానికొకటి స్పష్టంగా వినిపిస్తాయి. ఒకే చానెల్‌లో ఒకటి మాట్లాడుతుంటే మిగతావి ఆగాల్సిందే. పైగా, గదిలో ఉన్న ఫోనుకు గోడ అడ్డం. మన వైపు పాత భవనాల్లో రాతి గోడలు ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అలాంటి గోడ ఒకటి దాటేసరికే బాగా పడిపోతుంది.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు 1, 6, 11 మాత్రమే. పక్క పక్క డబ్బాలకు వీటిని మార్చి మార్చి ఇవ్వండి, చానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటించకండి. 5లో 40 చాలు. 80 పెడితే స్పీడ్ టెస్ట్ గొప్పగా వస్తుంది కానీ హాస్టల్ నిండా డబ్బాలున్నప్పుడు చానెళ్లు సరిపోవు. డబ్బా సిగ్నల్ బలాన్ని (ట్రాన్స్‌మిట్ పవర్) "హై" నుంచి "మీడియం"కు దించండి. డబ్బా అరుపు దూరం పోతుంది, ఫోను జవాబు అంత దూరం రాదు.

ఒక్క వైఫై డబ్బాకు ఎంతమంది? పెట్టె మీద 250 అని రాసుంది.

అది కనెక్ట్ కాగలిగిన సంఖ్య. నిజంగా వాడేవాళ్లు డబ్బాలోని ఒక్కో రేడియోకు (2.4కు ఒకటి, 5కు ఒకటి) 25 నుంచి 30 మంది అనుకుని లెక్క వేసుకోండి.

రిపీటర్ పెడితే సిగ్నల్ ఫుల్ వస్తున్నది గాని నెట్ సగమే ఉన్నది?

మామూలు రిపీటర్ వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ అదే చానెల్‌లో మళ్లీ ఒకసారి పంపాలి, కాబట్టి సమయం రెట్టింపు. ఎక్కువ మంది వాడే చోట రిపీటర్ వద్దు. అక్కడికి లాన్ కేబుల్ లాగి ఇంకో వైఫై డబ్బాను యాక్సెస్ పాయింట్‌గా (కేబుల్ నుంచి నేరుగా వైఫై ఇచ్చేలా) పెట్టండి.

ఎండాకాలం మధ్యాహ్నం పూటనే స్విచ్ హ్యాంగ్ అయితది. రద్దీ వల్లనా?

వేడి వల్ల. మామూలు స్విచ్‌ల మీద పనిచేసే ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలు అని రాసి ఉంటుంది. మే నెలలో నల్లగొండలో బయటే 44 దాటుతుంది. రేకుల కింద మూసిన పెట్టెలో ఇంకా ఎక్కువ. రద్దీ పెరిగితే చిప్ ఇంకొంచెం వేడెక్కుతుంది కాబట్టి రెండూ కలిసి కనిపిస్తాయి. పెట్టెకు కింద, పైన గాలి కంతలు పెట్టి చిన్న ఫ్యాన్ బిగించండి, పడమటి గోడ నుంచి మార్చండి. ఒక స్విచ్ మీద ఇంకోటి పేర్చకండి.

## రద్దీ వేళ జరిగేది

రాత్రి 9 అయితే చాలు నెట్ సచ్చిపోతది. పొద్దున మంచిగనే ఉంటది. ఎందుకు?

రోజూ అదే వేళకు వచ్చి అదే వేళకు పోయే నెమ్మది లైను లోపం కాదు, రద్దీ. అది మీ హాస్టల్ లోపలి రద్దీనా, వీధి మొత్తానిదా అన్నదే తేల్చాలి. రాత్రి 9కి రూటర్ నుంచి మిగతా కేబుళ్లన్నీ 5 నిమిషాలు తీసి, ఒక్క ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి స్పీడ్ చూడండి. పూర్తి వేగం వస్తే రద్దీ మీ లోపలిది, పంపకం సరిచేసుకోవాలి. అప్పుడు కూడా 100కు 15 వస్తే ఆపరేటర్ దగ్గర ఇరుకు, మీరు ఎన్ని డబ్బాలు మార్చినా మారదు.

స్పీడ్ టెస్ట్‌ల 90 వస్తది. వీడియో కాల్ల మాత్రం మాట ఆగి ఆగి వస్తది. ఏది నమ్మాలె?

రెండూ నిజమే. స్పీడ్ టెస్ట్ సెకనుకు ఎంత సరుకు పోయిందో చెప్తుంది, ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చెప్పదు. యాసంగి కోతలప్పుడు మిర్యాలగూడ మిల్లు పూర్తి సామర్థ్యంతోనే ఆడుతుంటుంది. అయినా గేటు బయట వరుసలో ఉన్న ట్రాక్టరు వంతు మరునాటికి గానీ రాదు. రూటర్లో, మోడెంలో ప్యాకెట్లు అలా వరుసలో ఆగే చోటును బఫర్ అంటారు. దాన్ని కంపెనీలు అవసరానికి మించి పెద్దగా పెడుతున్నాయి. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ముందు 1 మెగాబైటు బఫర్ నిండితే దాని వెనక పడ్డ మీ మాట 0.8 సెకను ఆగాలి. అప్‌లోడ్ 2 అయితే 4 సెకన్లు. ఎవరో ఒకరు ఫోటోలు క్లౌడ్‌కు పెడుతుంటే చాలు, గది మొత్తం కాల్స్ తడబడతాయి.

పరీక్ష సులువే. పింగ్ అంటే ఒక చిన్న ప్యాకెట్ పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిచే కమాండ్. ఒక కిటికీలో 8.8.8.8 (గూగుల్ సర్వర్ అడ్రస్)కు పింగ్ నడుపుతూ, ఇంకో చోట స్పీడ్ టెస్ట్ పెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు 15 మిల్లీసెకన్లున్న పింగ్ టెస్ట్ నడిచేటప్పుడు 45 లోపు ఉంటే బాగున్నట్టు. 300, 800 అయితే జబ్బు ఈ వరుసదే, వేగానిది కాదు.

గ్రాఫ్‌ల 70 శాతమే వాడినట్టు చూపిస్తున్నది. ఇంకా 30 ఖాళీ ఉండంగ ఎందుకు ఆగుతది?

ఆ గ్రాఫ్ 5 నిమిషాల సగటు. ఆ 5 నిమిషాల్లో కొన్ని సెకన్లు లైను 100 శాతం నిండి, కొన్ని సెకన్లు 40 దగ్గర ఉండి ఉంటుంది. ఆగింది నిండిన సెకన్లలోనే. ప్యాకెట్లు క్రమం లేకుండా వస్తాయి కనుక నిరీక్షణ కూడా వాడకంతో సమానంగా పెరగదు. క్యూ లెక్కల్లో అన్నిటికన్నా సాదా నమూనా ప్రకారం, ఖాళీ లైనుతో పోలిస్తే 50 శాతం వాడకంలో ఆలస్యం 2 రెట్లు, 80కి 5 రెట్లు, 90కి 10 రెట్లు, 95కి 20 రెట్లు. ఒక్కో లైను తీరు కొంత మారవచ్చు కానీ వంపు ఇలాగే ఉంటుంది. అందుకే 5 నిమిషాల సగటు రోజూ 70 దాటుతుంటే సామర్థ్యం పెంచే సమయం వచ్చినట్టు చూడండి.

సిగ్నల్ గీతలు ఫుల్లు. అయినా పేజీ తిరుగుతనే ఉంటది?

వైఫైలో ఒక చానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. గీతలు చెప్పేది డబ్బా గొంతు మీకు ఎంత గట్టిగా వినిపిస్తోందన్నదే, వంతు ఎప్పుడు వస్తుందన్నది కాదు. దూరాన మూలనున్న ఒక పాత ఫోను 1 ఎంబీపీఎస్‌తో మాట్లాడుతుంటే దాని 1,500 బైట్ల ప్యాకెట్ ఒక్కటే గాలిలో 12 మిల్లీసెకన్లు పడుతుంది. అదే ప్యాకెట్ 54 ఎంబీపీఎస్ ఫోనుకు 0.22 మిల్లీసెకను. ఆ ఒక్క ఫోను యాభై మంది వంతులు తినేస్తుంది.

యాక్సెస్ పాయింట్ సెట్టింగ్స్‌లో కనీస డేటా రేటు 12 ఎంబీపీఎస్‌గా పెట్టి, 1, 2, 5.5, 11 రేట్లు ఆపేయండి. మరీ దూరంగా ఉన్న ఫోన్లకు కనెక్షన్ పోతుంది, వాటికి దగ్గరలో ఇంకో డబ్బా పెట్టాలి. వైఫై పేర్లు కూడా మూడుకు మించనివ్వకండి. ప్రతి పేరూ సెకనుకు దాదాపు 10 సార్లు తన ఉనికిని చాటుకుంటుంది, అదీ అన్నిటికన్నా తక్కువ రేటులో.

ఫోన్ల కనెక్టెడ్ అంటది, నెట్ మాత్రం రాదు. కొందరికి వస్తది, కొందరికి రాదు.

ఐపీ అడ్రస్‌లు (రూటర్ ఒక్కో పరికరానికి ఇచ్చే నంబర్లు) అయిపోయి ఉంటాయి. కంప్యూటర్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే అదే గుర్తు. మామూలు రూటర్ వచ్చినప్పటి సెట్టింగ్‌తో 253 అడ్రస్‌లకు మించి ఇవ్వదు. 200 మంది హాస్టల్‌లో తలా ఫోను, ల్యాప్‌టాప్ అంటే 400. పైగా ఇప్పటి ఫోన్లు వైఫైకి తమ అసలు మ్యాక్ అడ్రస్ (పరికరం సొంత గుర్తింపు నంబర్) దాచి వేరేది చూపిస్తాయి. నెట్‌వర్క్‌ను మర్చిపొమ్మని చెప్పి మళ్లీ కలిపితే కొన్ని ఫోన్లు కొత్త మనిషిలా ఇంకో అడ్రస్ తీసుకుంటాయి, పాతది గడువు తీరేదాకా ఖాళీ కాదు.

రూటర్లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే ఏర్పాటు) లీజు, అంటే ఒక్కో అడ్రస్ గడువు, 24 గంటలుంటే 4 గంటలకు తగ్గించండి. ఎన్ని అడ్రస్‌లుండాలో నిర్ణయించే సబ్‌నెట్ మాస్క్ 255.255.252.0 పెడితే 1,022 అడ్రస్‌లు దొరుకుతాయి. మేనేజ్డ్ స్విచ్‌లు (సెట్టింగ్స్ మార్చుకోగలిగేవి) ఉంటే అంతస్తుకొక వీలాన్ (వేరే చిన్న నెట్‌వర్క్) చేయడం ఇంకా మంచిది.

192.168.0తో మొదలయ్యే అడ్రస్ రావాల్సిన చోట వేరే వరుస అడ్రస్ వస్తుంటే కారణం వేరు: ఎవరో సొంత రూటర్ తెచ్చి, దాని లాన్ పోర్టును గోడ సాకెట్‌కు కలిపారు. అది కూడా అడ్రస్‌లు పంచుతోంది. దాన్ని వెతికి తీసేయాలి, అసలు రూటర్ తప్ప ఇంకెవరూ అడ్రస్‌లు పంచకుండా ఆపే డీహెచ్‌సీపీ స్నూపింగ్‌ను స్విచ్‌లో ఆన్ చేయాలి.

ఉన్నట్టుండి అన్ని స్విచ్‌ల లైట్లు ఒక్కతీరుగ టకటక కొట్టుకుంటయి, మొత్తం ఆగిపోతది.

లూప్ పడింది. ఒకే స్విచ్ రెండు పోర్టులను ఎవరో ఒకే కేబుల్‌తో కలిపారు, లేదా రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు పెట్టారు. ఈథర్‌నెట్ ప్యాకెట్‌కు ఇన్ని మలుపుల తర్వాత చచ్చిపోవాలన్న గడువు లేదు. ఒక్క బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ (అందరికీ పోయేది) తిరుగుతూ, ప్రతి చుట్టుకూ పెరుగుతూ సెకన్లలో లైనంతా నింపేస్తుంది. ప్రధాన స్విచ్ దగ్గర నిలబడి కేబుళ్లు ఒక్కొక్కటే తీయండి. ఏది తీయగానే మిగతా లైట్లు నెమ్మదిస్తాయో లూప్ ఆ గదిలో ఉంది. మళ్లీ రాకుండా, లూప్‌ను పసిగట్టి ఆపే స్పానింగ్ ట్రీ లేదా లూప్ ప్రొటెక్షన్ ఉన్న స్విచ్ పెట్టండి. ఊడ్చేటప్పుడు ఊడిన కేబుల్‌ను ఖాళీ కనిపించిన కంతలో పెట్టడం వల్లే ఇది ఎక్కువ జరుగుతుంది. వాడని పోర్టులకు మూతలు పెట్టడం చాలా మేలు.

ఇంటర్ ఫలితాల రోజు సైటు తెరుచుకోదు. పిల్లల తల్లిదండ్రులు మా నెట్‌నే తిడుతున్నరు.

మీ నెట్‌దా, ఆ సైట్‌దా అని 10 సెకన్లలో తేల్చవచ్చు. వేరే ఏదైనా సైటు తెరవండి. అది వెంటనే వచ్చి, ఫలితాల పేజీలో 503 లేదా 504 అని వస్తే సర్వర్ నిండిపోయింది. రాష్ట్రమంతా ఒకే నిమిషంలో అడుగుతున్నారు, మీ లైను ఎంత పెద్దదైనా ఒరిగేదేం లేదు.

మళ్లీ మళ్లీ రిఫ్రెష్ కొట్టొద్దు. సగం పనైన పాత అడుగును వదిలేసి కొత్తగా వరుస చివర నిలబడ్డట్టే, సర్వర్ మీద భారం కూడా పెరుగుతుంది. 30 నుంచి 60 సెకన్లు ఆగండి, ఒకే హాల్ టికెట్ నంబర్‌ను నాలుగు కంప్యూటర్ల మీద కొట్టకండి. మీసేవలో ఫీజు కట్టే పని మధ్యలో ఆగి, ఖాతాలో డబ్బు కట్ అయితే రెండోసారి కట్టకుండా ముందు ట్రాన్సాక్షన్ స్టేటస్ చూడండి.

అందరు ఒక్కపారి వాడితే నెట్‌వర్క్ మొత్తం కూలిపోదా? దాన్ని ఆపేదేంది?

ఒకప్పుడు నిజంగానే కూలింది. 1986 అక్టోబరులో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కు, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా బర్క్‌లీకి మధ్య, 400 గజాల దూరానికి, సెకనుకు 32 వేల బిట్ల వేగం 40 బిట్లకు పడిపోయింది. ప్యాకెట్ ఆలస్యం కాగానే ప్రతి కంప్యూటర్ అది పోయిందనుకుని మళ్లీ పంపేది. పంపిందే మళ్లీ పంపడంతో లైను నిండి, అసలు సరుకు కదల్లేదు.

వాన్ జాకబ్‌సన్ 1988లో ప్రచురించిన పద్ధతితో అది దారికొచ్చింది: కొద్దిగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి, ప్యాకెట్ పోతే వేగాన్ని వెంటనే తగ్గించుకోవాలి. ఇవాళ మీ ఫోనులోని టీసీపీ (ప్యాకెట్లు పంపే, అందాయో లేదో చూసే పద్ధతి) కూడా ఆ మర్యాదే పాటిస్తుంది. రద్దీలో నెట్ నెమ్మదిస్తుందే తప్ప నిలువునా కూలకపోవడానికి కారణం కోట్ల యంత్రాలు ఎవరికి వారు వెనక్కి తగ్గడమే. ఇది తలుచుకున్నప్పుడల్లా ఆ పద్ధతి మీద గౌరవం పెరుగుతుంది.

## జబ్బు ఎక్కడుందో పట్టడం

తప్పు మా రూటర్‌దా, ఆపరేటర్‌దా, ఎట్ల తెలుస్తది?

కేబుల్‌తో కలిపిన కంప్యూటర్‌లో మూడు కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు తెరవండి. మొదటి దాంట్లో మీ రూటర్‌కు (తరచుగా 192.168.1.1 లేదా 192.168.0.1), రెండో దాంట్లో ఆపరేటర్ మొదటి గేట్‌వేకు, అంటే వాళ్ల వైపు మొదటి యంత్రానికి (దారిలోని మజిలీలు చూపే ట్రేసర్ట్ కమాండ్ కొడితే రెండో వరుసలో కనిపించే అడ్రస్), మూడో దాంట్లో 8.8.8.8కు పింగ్ పెట్టండి. అడ్రస్ తర్వాత ఒక ఖాళీ వదిలి హైఫన్, టీ అక్షరం కొడితే ఆపేదాకా నడుస్తుంది. రద్దీ వేళ 10 నిమిషాలు వదిలేయండి.

రూటర్ పింగ్ 1 మిల్లీసెకను దగ్గరే ఉండాలి. అదే ఎగిరిపడుతుంటే తప్పు మీ లోపలిది. రూటర్ బాగుండి రెండోది ఎగిరితే, మీ అప్‌లోడ్ నిండలేదని చూసుకున్నాక, తప్పు మీకూ ఆపరేటర్‌కూ మధ్య. మొదటి రెండూ బాగుండి మూడోది చెడితే ఆపరేటర్‌కు పైన.

దూరం వల్ల అని ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, కాబట్టి పోయి రావడానికి 1 మిల్లీసెకను. మిగతాదంతా ఎక్కడో వరుసలో నిలబడ్డ సమయమో, చుట్టు తిరిగిన దారో.

ప్యాకెట్ లాస్ 1 శాతమే గదా, అంతదానికి ఏమైతది?

చాలా అవుతుంది. ప్యాకెట్ పోయిందంటే రద్దీ అనుకుని టీసీపీ వేగం తగ్గిస్తుంది. 40 మిల్లీసెకన్ల దూరంలోని సర్వర్‌తో, 1 శాతం నష్టం దగ్గర పాత పద్ధతి టీసీపీకి ఒక్కో డౌన్‌లోడ్ 3.5 ఎంబీపీఎస్ దాటదు, మీ ప్లాన్ 100 అయినా 1,000 అయినా. అదే నష్టం 0.01 శాతానికి తగ్గితే 35 దాకా పోతుంది. కొత్త పద్ధతులు కొంత మెరుగే కానీ కేబుల్ మీద, మీ రూటర్ దాకా, నష్టం సున్నా ఉండాలి.

ఫైబర్ డబ్బాల లైట్ పవర్ ఎంత ఉండాలె?

మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం (వెలుగు బలాన్ని కొలిచే ప్రమాణం) మధ్య జీపాన్ పనిచేస్తుంది. మైనస్ 15 నుంచి 24 మధ్య ఉంటే నిశ్చింత. 27 దగ్గరుంటే వాన పడ్డప్పుడు, పోగు కాస్త వంగినప్పుడు ఎర్ర లైటు వస్తుంది. ఒక్క 1:32 స్ప్లిటరే 17 డీబీ దాకా తింటుంది, అందుకే మురికి కనెక్టర్, బిగుతుగా చుట్టిన పోగు వల్ల పోయే 2, 3 డీబీ కూడా లెక్కే. పవర్ చెడితే సమస్య ఏ వేళైనా వస్తుంది, రాత్రికి మాత్రమే రాదు.

## సరిచేయడం

పింగ్ ఎగిరిపడుడు ఎట్ల ఆపాలె? కొత్త ప్లాన్ తీసుకోకుండ అయితదా?

అవుతుంది. వరుస ఆపరేటర్ మోడెంలో పడకుండా మీ రూటర్లోనే పడేలా చేసి, అక్కడ దాన్ని తెలివిగా నడపాలి. అందుకోసం ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ అనే పద్ధతులున్నాయి. ఇవి ఒక్కో కనెక్షన్‌కు వేరే వరుస పెట్టి వంతులవారీగా వదులుతాయి, ఎక్కువసేపు నిలబడ్డ ప్యాకెట్లు పేరుకోనివ్వవు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కే రూటర్లో, ఈ పద్ధతులను నడిపే ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసుకోండి. మైక్రోటిక్ కంపెనీ రూటర్ అయితే దాని సాఫ్ట్‌వేర్ రూటర్ ఓఎస్ 7లో క్యూ టైప్‌గా రెండూ ఉన్నాయి.

ముందు రద్దీ వేళ, ఇతరులందరినీ ఆపి, అప్‌లోడ్, డౌన్‌లోడ్ మూడుసార్లు కొలవండి. తక్కువ వచ్చిన అంకెలో 90 శాతం పరిమితిగా పెట్టండి: 95 డౌన్, 19 అప్ వస్తే 85, 17. పింగ్ నడుపుతూ మళ్లీ టెస్ట్ చేయండి, ఇంకా ఎగిరితే 5 శాతం తగ్గించండి. మైక్రోటిక్‌లో ఫాస్ట్‌ట్రాక్ రూల్ (ప్యాకెట్లను అడ్డదారిన త్వరగా పంపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే సింపుల్ క్యూలను దాటేసి పోతుంది, దాన్ని ఆపకపోతే మీరు పెట్టిన పరిమితి పనిచేయదు. చాలామంది ఇక్కడే "పెట్టినా ఏం మారలేదు" అని వదిలేస్తారు. చిన్న ప్రాసెసర్ ఉన్న రూటర్ 200, 300 ఎంబీపీఎస్ పైన ఈ పని మోయలేకపోవచ్చు. సీపీయూ 100 శాతం కొడుతుందేమో చూడండి.

పోగొట్టుకునేది 10 శాతం వేగం. దానికి బదులు గది నిండా మనుషులున్నా కాల్ తెగదు. మా దృష్టిలో ఇంతకన్నా చౌకగా దొరికే మేలు ఇంకోటి లేదు.

తలా 2 ఎంబీపీఎస్ అని కట్టేస్తే గొడవ ఉండదు గదా?

మధ్యాహ్నం ఇద్దరే ఉన్నప్పుడు కూడా వాళ్లకు 2 మాత్రమే వస్తుంది, 96 ఖాళీగా పోతుంది. గట్టి పరిమితికి బదులు సమాన పంపకం పెట్టండి: ఉన్నది ఎంతో, ఆ క్షణంలో వాడేవాళ్లు ఎంతమందో అంతమందికి సమంగా. మైక్రోటిక్‌లో పీసీక్యూ, కేక్‌లో మనిషివారీ ఐసొలేషన్ ఈ పనే చేస్తాయి.

కంప్యూటర్లన్నీ ఆన్ చేయంగనే విండోస్ అప్‌డేట్లు నెట్ మొత్తం తింటున్నయి.

500 మెగాబైట్ల అప్‌డేట్, 60 కంప్యూటర్లు అంటే 30 గిగాబైట్లు. 100 ఎంబీపీఎస్ లైను 40 నిమిషాలు దానికే అంకితం. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, డెలివరీ ఆప్టిమైజేషన్‌లోకి పోయి "లోకల్ నెట్‌వర్క్‌లోని డివైజ్‌ల నుంచి" అన్నది ఆన్ చేయండి. అప్పుడు చాలా భాగం పక్క కంప్యూటర్ల నుంచే వస్తుంది. ఇంటర్నెట్‌లోని వేరే కంప్యూటర్లకు కూడా పంపేది మాత్రం ఎంచుకోవద్దు, అప్‌లోడ్ పోతుంది. అక్కడే బ్యాక్‌గ్రౌండ్ డౌన్‌లోడ్‌కు పరిమితి పెట్టే చోటు కూడా ఉంది.

200 మంది దాటంగనే రూటర్ రీస్టార్ట్ చేస్తే గాని నడుస్తలేదు.

కనెక్షన్ల పట్టిక నిండుతోంది. ఒక్కో ఫోను మామూలుగానే 100 నుంచి 150 కనెక్షన్లు తెరిచి ఉంచుతుంది, 200 మందికి 20 నుంచి 30 వేలు. ఇంటి రూటర్లు చాలావరకు కొన్ని వేలకే చేతులెత్తేస్తాయి. రీస్టార్ట్ చేస్తే పట్టిక ఖాళీ అవుతుంది, అందుకే కాసేపు బాగుంటుంది. ఆ సంఖ్యను మోసే ఆఫీసు రకం రూటర్ కొనాలి, మనిషికి 300 కనెక్షన్ల పరిమితి పెట్టాలి. టొరెంట్ నడిపేవాళ్లు అప్పుడు తమంతట తామే బయటపడతారు.

కరెంటు పోయి వచ్చినంక పది నిమిషాలు నెట్ ఆగమాగం ఉంటది.

వీధిలోని డబ్బాలన్నీ ఒకేసారి రిజిస్టర్ అవుతూ, లాగిన్ అవుతూ, ఫోన్లన్నీ ఆగిన బ్యాకప్‌లు మళ్లీ మొదలుపెడుతూ ఉంటాయి. ఫైబర్ డబ్బా, రూటర్, ప్రధాన స్విచ్ మూడూ కలిపి 30 నుంచి 40 వాట్లే. 12 వోల్టుల చిన్న యూపీఎస్ లేదా ఇన్వర్టర్ మీద ఉంచితే మీవరకు ఈ గందరగోళం ఉండదు.

## ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడు

ఫోన్ చేస్తే "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటరు. ఏం చెప్తే వింటరు?

"స్లోగా ఉంది" అంటే వినరు, అంకెలు చెప్తే వింటారు. మూడు రోజులు ఉదయం 7కు, రాత్రి 9కి కేబుల్ మీద కొలిచిన స్పీడ్, రూటర్ పింగ్, గేట్‌వే పింగ్, ప్యాకెట్ లాస్, ఫైబర్ పవర్ ఒక కాగితం మీద రాసి ఫోటో పంపండి. "ఉదయం 96, రాత్రి 14, రూటర్ పింగ్ 1, మీ గేట్‌వే పింగ్ 180, పవర్ మైనస్ 21" అని చెప్తే తప్పు మీ వైపు లేదని వాళ్లకే అర్థమవుతుంది, మాట నేరుగా ఓఎల్‌టీ అప్‌లింక్ (దానికి పైనుంచి వచ్చే లైను) మీదికి పోతుంది.

అయినా పట్టించుకోకపోతే?

ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా కంపెనీ ఫిర్యాదుల కేంద్రంలో నమోదు చేయించి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకోండి. గడువులో తేలకపోతే, తేల్చిన తీరు నచ్చకపోతే, అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి (అప్పీలు వినే అధికారికి) పోవచ్చు. ఈ రెండంచెల ఏర్పాటు ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) 2012 నిబంధనల్లో ఉంది. అప్పీలుకు డాకెట్ నంబర్, మీరు రాసుకున్న అంకెల కాగితం జతచేయండి.